తీగల కింద దేవకాంచనం

తెలుగు పత్రికల పాఠకులకు గీదం పేరు తెలిసినా, ఆ ఊరు తెలియదు. దంతెవాడ జిల్లాలోని ఈ చిన్న పట్టణం పేరు మన పత్రికల్లో సాధారణంగా ఎదురుకాల్పుల వార్తల్లోనో, లొంగుబాట్ల వార్తల్లోనో కనిపిస్తుంది. నిజానికి ఇది మనకు దూరపు ఊరేమీ కాదు. నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల, చెన్నూరుల మీదుగా ప్రాణహితనూ ఇంద్రావతినీ దాటి, భోపాలపట్నం, బీజాపూర్ గుండా జగదల్‌పూర్ చేరే 63వ నంబరు జాతీయ రహదారి మీదనే గీదం ఉంది. ఇక్కడి నుంచి ఒక దారి దక్షిణాన దంతెవాడ, బచేలి, కిరందుల్ గనుల వైపు సాగుతుంది. మరొకటి ఉత్తరాన బార్సూరు వెళుతుంది. నాగవంశీయుల సామంతుడైన చంద్రాదిత్యుడు శివాలయం కట్టించి, చెరువు తవ్వించి, క్రీ.శ. 1060లో తెలుగులో శాసనం వేయించుకున్న బార్సూరు అదే. వెయ్యేళ్ల కిందట తెలుగు పలికిన నేల గురించి మనం ఇవాళ తుపాకుల భాషలో తప్ప మాట్లాడుకోవడం లేదు. కనుక ఈసారి ఒక చెట్టు గురించి మాట్లాడతాను.

ఆ మధ్య గీదం మీదుగా వెళుతూ అక్కడ ఆగినప్పుడు, పరిచయస్థుడైన ఒక ఉపాధ్యాయుడు నన్నొక ప్రశ్న అడిగారు. ఆయనది భోపాలపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడిన, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబం. "సార్, మీరు ఢిల్లీలో ఉంటారు, పెద్దపెద్ద విషయాలు రాస్తారు. మాకో చిన్న విషయం చెప్పండి. బడి గోడ వెంట, వీధిలో కరెంటు తీగల కింద వేయడానికి ఊదారంగు పూలు పూసే చిన్న చెట్టు ఏది బాగుంటుంది? జకరండా మొక్కలు తెప్పిస్తామని ఒకాయన అంటున్నాడు. వేసుకోమంటారా?" అన్నారు. ఇరవై ఏళ్లుగా ఎన్నికల గురించీ, కూటముల గురించీ, పార్లమెంటు గురించీ రాస్తున్న నాకు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు దొరకలేదు. వెతకడం మొదలుపెట్టాక, అది నేను రోజూ రాసే విషయాలకు ఎంత దగ్గరదో అర్థమైంది. ఏ చెట్టు నాటాలన్న ప్రశ్న వెనుక ఎవరు ఎంచుకుంటారు, ఎవరి కోసం ఎంచుకుంటారు, దానికి డబ్బు ఎవరిది అన్న ప్రశ్నలు ఉన్నాయి.

ముందు చెట్టు సంగతి. చిన్న చెట్టే ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. బస్తర్ పట్టణాల్లో వీధులు ఇరుకు. దుకాణాల ముందు నాలుగడుగుల జాగా ఉంటే, దాని నెత్తిన విద్యుత్తు తీగలు, ఇప్పుడు వాటికి తోడు ఇంటర్నెట్ తీగలు. అక్కడ రావినో, నేరేడునో నాటితే పదేళ్ల తరువాత విద్యుత్ సిబ్బంది వచ్చి నడినెత్తిన నరుకుతారు. మన పట్టణాల్లో తల తెగి, రెండు పక్కలకూ చేతులు చాచినట్టు నిలబడిన చెట్లన్నీ ఇలా తప్పు చోట నాటిన మంచి చెట్లే. ఇందుకే ఉత్తర అమెరికా నగరాలు తీగల కింద జపనీస్ ట్రీ లైలాక్ అనే చిన్న చెట్టును విరివిగా నాటుతాయి. అది ఇరవై, ముప్పయి అడుగులు దాటదు, చలినీ రహదారి దుమ్మునూ ఓర్చుకుంటుంది, వేసవి తొలినాళ్లలో గుత్తులుగా పూస్తుంది. పేరు లైలాక్ అయినా దాని పూత మీగడ తెలుపు. అది శీతల దేశపు చెట్టు. బస్తర్ ఎండలో బతికి బట్టకట్టదు. మనం తెచ్చుకోవలసింది ఆ చెట్టును ఎంచుకున్న పద్ధతిని. ఎంత జాగా ఉంది, పైన ఏముంది, కింద ఏముంది, ఆ నేల ఎలాంటిది అని ముందు చూసి, ఆ తరువాతే పువ్వు రంగు దగ్గరకు రావడం ఆ పద్ధతి.

ఊదా పూల చెట్లు మనకు కొదవ లేదు. ఉపాధ్యాయుడికి చూపించిన జకరండా దక్షిణ అమెరికాది. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరానికి జకరండా నగరమని పేరు తెచ్చిన చెట్టు అదే. కానీ ఆ దేశమే తరువాత దాన్ని దురాక్రమణ జాతుల జాబితాలో చేర్చి, కొత్తగా నాటడంపై ఆంక్షలు పెట్టింది. అందం కాదనలేనిదే అయినా, జకరండా చిన్న చెట్టు కాదు. తీగల కింద పెట్టదగినది అంతకన్నా కాదు. ఇంగ్లీషులో పర్షియన్ లైలాక్ అని పిలిచే తురకవేప మన ఉపఖండపు చెట్టే. ఊదా పూలు, చక్కటి వాసన, వేగంగా ఎదిగే గుణం అన్నీ ఉన్నాయి. అయితే దాని కొమ్మలు పెళుసు, పండ్లు మనుషులకు విషం. బడి గోడ వెంట పిల్లలకు అందే ఎత్తులో విషపు పండ్లు వేలాడదీయలేం. మహారాష్ట్ర తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్న తామ్హణ్, అంటే జరుల్, అద్భుతమైన చెట్టు. అది వాగుల ఒడ్డున, తేమ నేలలో బాగా పెరుగుతుంది. జాగా, నీరూ ఉన్నచోట దాన్ని మించింది లేదు. తీగల కింద మాత్రం అదీ ఇరుకున పడుతుంది.

ఇక మిగిలింది దేవకాంచనం. హిందీవారు కచనార్ అనే కాంచనానికి తోబుట్టువు. ఆవు గిట్టలా మధ్యలో చీలిన ఆకు, వర్షాలు వెళ్లాక శీతాకాలం దాకా కొమ్మ కొమ్మకూ గులాబీ కలిసిన లేత ఊదారంగు పూలు. ఎత్తు సాధారణంగా పదిహేను నుంచి ముప్పయి అడుగులు. విత్తనం నుంచి సులువుగా మొలుస్తుంది, మూడు నాలుగేళ్లకే పూతకు వస్తుంది. ఎండిన కాయలు చిటపటమని పేలి గింజలను దూరంగా విసురుతాయి. హాంకాంగ్ తన జెండా మీద పెట్టుకున్న పువ్వు ఈ దేవకాంచనానికీ, కాంచనానికీ పుట్టిన సంకరం. ఆ సంకర జాతికి గింజ కట్టదు. మనిషి కొమ్మ నాటితేనో, అంటు కడితేనో తప్ప దానికి సంతానం లేదు. మన దగ్గరున్న తల్లి చెట్లకు ఆ బెడద లేదు. అడవి అంచున దొరికే కాయలు ఏరుకొస్తే చాలు, కొనవలసిన పని లేకుండా నర్సరీ సిద్ధమవుతుంది.

కొనవలసిన పని లేని చెట్టు కావడమే బహుశా దాని దోషం. దాని గొప్పతనమేమిటో గీదం చుట్టుపక్కల వారపు సంతలకు వెళితే తెలుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో కోలియారీ భాజీ అని ఒక ఆకుకూర ఉంది. అది దేవకాంచనం లేతాకే. కొత్త చిగుళ్లు వేసే కాలంలో స్త్రీలు ఆ ఆకు కోసుకొచ్చి, కుప్పలుగా పోసి అమ్ముతారు. ఉడికించి, వార్చి, పప్పుతోనో వట్టిగానో వండుకుంటారు. ఝార్ఖండ్ ఆదివాసుల ఇళ్లలో ఇదే ఆకు కోయినార్ సాగ్. ఉత్తర భారతంలో కచనార్ మొగ్గల కూర ఇష్టంగా తింటారు. మన శ్రీకాకుళం, ఆదిలాబాద్ ఏజెన్సీలలో విస్తళ్లు కుట్టే అడ్డాకు కూడా ఈ కుటుంబంలోనిదే, కాంచనానికి దగ్గరి చుట్టం. అందానికీ ఆకలికీ రెండింటికీ పనికొచ్చే చిన్న చెట్టు ఊరి పొలిమేరలోనే ఉండగా, జకరండా మొక్క ఎక్కడి నుంచో లారీలో ఎందుకు రావాలి?

ఈ ప్రశ్నకు సమాధానం మన పట్టణాల పచ్చదనం ఎలా నిర్ణయమవుతుందో చూస్తే దొరుకుతుంది. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న పట్టణపు పురపాలక కార్యాలయంలో మొక్కల ఎంపిక గురించి మాట్లాడుతుండగా ఒక అధికారి, "పశువు ముట్టకూడదు, మనిషి ముట్టకూడదు, చెట్టు తానే బతకాలి" అని సూత్రీకరించారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. మొక్కకు కంచె వేసే డబ్బు ఉండదు, నీళ్లు పోసే మనిషి ఉండడు, ఏడాది తరువాత ఎన్ని బతికాయని పైనుంచి లెక్క మాత్రం అడుగుతారు. అందువల్ల మేక తినని, మనిషి కోయని, ఏ పిట్టా వాలని చెట్టు ఆయనకు ఆదర్శం. ఈ తర్కం మీద దేశంలో కోట్ల మొక్కలు నాటారు. ప్రజలకు ఏ రకంగానూ అక్కరకు రాకపోవడమే ఒక చెట్టుకు అర్హత అయింది. ఇంకో రకంగా చెప్పాలంటే, ప్రజలను ఆ చెట్టుకు శత్రువులుగా భావించి ఎంపిక జరుగుతోంది.

కోనోకార్పస్ కథ ఇందుకు నిదర్శనం. తెలంగాణలో 2015లో ఆరంభమైన హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలు. ఆ ఉద్యమం వల్ల మేలు జరగలేదని నేను అనను. గ్రామగ్రామానా నర్సరీ అన్న ఆలోచన గొప్పది. కానీ రోడ్ల విభాజకాల మీద, పార్కుల అంచుల్లో ఏడాది పొడుగునా పచ్చగా కనిపించే కోనోకార్పస్‌ను విచ్చలవిడిగా నాటారు. ఆంధ్రప్రదేశ్ పట్టణాలూ అదే బాట పట్టాయి. కొన్నేళ్లకే దాని పుప్పొడి గురించి, వేళ్ల గురించి ఫిర్యాదులు మొదలయ్యాయి. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడాన్ని నిషేధించింది. తెలంగాణలోనూ నాటవద్దన్నారు. పుప్పొడి వల్ల కలిగే హాని ఎంతన్న దానిపై శాస్త్రజ్ఞుల్లో భేదాభిప్రాయాలున్నాయి. ఆ వివాదంలోకి నేను వెళ్లను. నాటేటప్పుడూ ప్రజలను అడగలేదు, పీకేటప్పుడూ అడగలేదన్నదే నా అభ్యంతరం. రెండుసార్లూ ఖర్చయింది మాత్రం వారి సొమ్మే.

బస్తర్‌లో ఈ విషయానికి మరింత బరువుంది. ఏ చెట్టు ఉండాలి, ఏ చెట్టు పోవాలన్న ప్రశ్న మీద ఇక్కడ నెత్తురు పారింది. 1859లో దక్షిణ బస్తర్ జమీందారీలలో సాల వృక్షాలు నరుక్కునే గుత్తను హైదరాబాదు వ్యాపారులకు ఇచ్చినప్పుడు కోయలు తిరగబడ్డారు. ఒక చెట్టుకు ఒక తల అన్నది వారి నినాదం. చివరకు బ్రిటిష్ పాలకులు ఆ గుత్తల పద్ధతిని వెనక్కు తీసుకోవలసి వచ్చింది. అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలన్న ప్రతిపాదన 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు ప్రధాన కారణాల్లో ఒకటి. గుండా ధుర్ పేరుతో ముడిపడిన ఆ తిరుగుబాటు కబురు ఊరూరికీ మామిడి కొమ్మ, మిరపకాయలు, బాణాల రూపంలో చేరింది. స్వాతంత్ర్యం తరువాత కూడా పాఠం నేర్చుకోలేదు. 1970లలో ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో బస్తర్‌లో వేల హెక్టార్ల సాల అడవిని తొలగించి, కాగితపు గుజ్జు కోసం ఉష్ణమండల పైన్ చెట్లు పెంచాలనే పథకం వచ్చింది. సాల వృక్షం ఆదివాసికి గింజ, గుగ్గిలం, ఆకు, దేవత అన్నీ. పైన్ చెట్టు ఆయనకు ఏమీ కాదు. ప్రతిఘటన వచ్చింది, పథకం ఆగిపోయింది. ఆనాటి ప్రణాళికా రచయితల దృష్టిలో చెట్టంటే కలప. నేటివారి దృష్టిలో చెట్టంటే అంకె.

అంకెల మాటే తీసుకుందాం. 2024 జూన్ 5న ప్రధాని నరేంద్ర మోదీ ఢిల్లీలో రావి మొక్క నాటి 'ఏక్ పేడ్ మా కే నామ్' ఉద్యమాన్ని ప్రారంభించారు. 2025 మార్చి నాటికి 140 కోట్ల మొక్కలు లక్ష్యమన్నారు. తల్లి పేరు మీద చెట్టు నాటడం కంటే మంచి ఊహ ఏముంటుంది? అయితే 140 కోట్ల లెక్కలో ఏ జాతివి ఎన్ని, ఎక్కడివి, ఎవరు ఎంచుకున్నారు అన్నది రాజకీయ చర్చకు ఏనాడూ రాలేదు. మరోవైపు 2016 నాటి పరిహార అటవీకరణ నిధి చట్టం కింద 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా బదిలీ చేసింది. అందులో పెద్ద వాటాలు అందుకున్న రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. అడవి ఎంత పోతే ఆ నిధి అంత పెరుగుతుంది. అదే ఏడాది జూన్‌లో బైలాడిల్లా 13వ నిక్షేపం గని తమ దేవుడు కొలువున్న నందరాజ్ కొండను మింగేస్తుందంటూ వేలాది ఆదివాసులు కిరందుల్‌లో బైఠాయించారు. గనికి అనుమతించిన హిరోలి గ్రామసభ తీర్మానం బూటకమని వారు ఆరోపించారు. రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపించి విచారణకు ఆదేశించింది. కొండ మీద చెట్టు కొట్టడానికైనా కనీసం కాగితం మీద గ్రామసభ కావాలి. గీదం వీధిలో చెట్టు నాటడానికి ఆ కాగితం కూడా అక్కర్లేదు.

ఎందుకంటే గీదం నగర పంచాయతీ. దంతెవాడ జిల్లా రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు ప్రాంతం. 73వ సవరణ తెచ్చిన పంచాయతీల భాగం ఈ ప్రాంతాలకు నేరుగా వర్తించదని, పార్లమెంటు చట్టం చేసి విస్తరించాలని రాజ్యాంగం చెప్పింది. దిలీప్ సింగ్ భూరియా కమిటీ సిఫార్సుల తరువాత 1996లో పెసా చట్టం వచ్చి గ్రామసభకు ప్రాణం పోసింది. ఛత్తీస్‌గఢ్ తన పెసా నియమాలను 2022లో ప్రకటించింది. పట్టణాల విషయంలోనూ 243జెడ్‌సి అధికరణం సరిగ్గా అదే మాట చెప్పింది. పురపాలికల భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించాలంటే పార్లమెంటు వేరే చట్టం చేయాలి. ఆ మేరకు 2001లో రాజ్యసభలో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. ఆ తరువాత ఎన్ని ప్రభుత్వాలు వచ్చాయో, ఎంతమంది ప్రధానులు ఆదివాసీ గౌరవం గురించి ప్రసంగించారో లెక్కపెట్టుకోవచ్చు. ఊరు పెరిగి పట్టణమైన రోజున ఆదివాసి తన గ్రామసభను కోల్పోతాడు. దాని స్థానంలో అతనికి దక్కేది ఐదేళ్లకోసారి ఓటు, మధ్యలో టెండరు ప్రకటన.

ఇది ఛత్తీస్‌గఢ్‌కు పరిమితమైన వింత కాదు. తెలంగాణలో మందమర్రి, మణుగూరు వంటి ఏజెన్సీ పట్టణాలను పురపాలికలుగా ప్రకటించి, ఏళ్ల తరబడి ఎన్నికలు లేకుండా అధికారుల పాలనలో నడిపారు. భద్రాచలం పంచాయతీయా, పట్టణమా అన్న గందరగోళం దశాబ్దాలుగా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో కనీసం ఎన్నికలైనా జరుగుతున్నాయి. కానీ వార్డు స్థాయిలో ప్రజలు కూర్చుని 'మాకిది కావాలి, ఇది వద్దు' అని తీర్మానించే వేదికకు చట్టబద్ధమైన బలం ఎక్కడా లేదు. కేంద్ర హోం మంత్రి అమిత్ షా మావోయిస్టు ఉద్యమ నిర్మూలనకు 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించారు. ఆ గడువుకు ముందూ వెనుకా బస్తర్ పట్టణాలకు రోడ్లు, దీపాలు, సుందరీకరణ నిధులు రావడం సహజం. రావాలి కూడా. ఆ నిధులతో ఏమి కట్టాలి, ఏమి నాటాలి అని ఎవరు తేలుస్తారన్నదే తుపాకులు మౌనం వహించాక మిగిలే అసలు ప్రశ్న. శాంతి అంటే కాల్పులు ఆగడం మాత్రమే కాదు, అడిగి చేయడం కూడా.

దేవకాంచనం మీద అభ్యంతరాలు లేవా? ఉన్నాయి, వాటిని దాచిపెట్టడం న్యాయం కాదు. మొదటిది ధూళి. బచేలి వైపు నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే లారీలు గీదం మీదుగా సాగుతాయి. ఆ రహదారి అంచున పెరిగిన ఆకును కూరకు కోసుకోమనడం బాధ్యతారాహిత్యం. అందువల్ల దేవకాంచనాన్ని లారీల దారిలో కాక లోపలి వీధుల్లో, బడుల్లో, అంగన్‌వాడీల పెరళ్లలో, ఆసుపత్రి ఆవరణలో నాటాలి. రహదారి అంచుకు కానుగ మేలు. బస్తర్‌లో కరంజ్ అనే కానుగ దట్టమైన నీడనిస్తుంది, ధూళినీ నీటి ఎద్దడినీ తట్టుకుంటుంది, దాని గింజ నూనెకు సంతలో వెల ఉంది. దాని పూత కూడా తెలుపులో కలిసిన లేత ఊదాయే. రెండవది నీడ. చిన్న పూల చెట్టు మండుటెండలో బస్సు కోసం నిలబడిన మనిషిని కాపాడలేదు. పైగా దేవకాంచనం ఎండలు ముదిరే కాలానికి చాలా ఆకు రాలుస్తుంది. రహదారుల విస్తరణలో దేశమంతటా పోయిన చింతలకూ, మామిళ్లకూ, ఇప్పలకూ ఇది ప్రత్యామ్నాయం కాదు. తీగలు లేని చోట, జాగా ఉన్న చోట పెద్ద చెట్టే నాటాలి. పెద్ద చెట్టు నరికి, పది పూల మొక్కలు నాటి లెక్క సరిపోయిందనేవారికి ఈ వ్యాసాన్ని ఆయుధంగా ఇవ్వదలచుకోలేదు.

మూడవ అభ్యంతరం మరింత గట్టిది. ఒకే చెట్టును ఊరంతా నాటితే దేవకాంచనం కూడా మరో కోనోకార్పస్ అవుతుంది. అమెరికా నగరాలు వీధుల నిండా ఎల్మ్ చెట్లే పెంచి, ఒక శిలీంధ్ర వ్యాధికి వాటిని పోగొట్టుకున్నాయి. ఆ అనుభవం నుంచే ఫ్రాంక్ శాంటమోర్ అనే శాస్త్రజ్ఞుడు 1990లో ఒక సూత్రం ప్రతిపాదించారు. ఊరి మొత్తం చెట్లలో ఏ ఒక్క జాతీ పది శాతానికి మించకూడదు, ఏ ఒక్క ప్రజాతీ ఇరవై శాతానికి, ఏ ఒక్క కుటుంబమూ ముప్పయి శాతానికి మించకూడదు. ఈ లెక్కన కానుగ, దేవకాంచనం ఒకే కుటుంబానివి కనుక రెండూ కలిపి కూడా ఒక హద్దులో ఉండాలి. ప్రజాస్వామ్యంలో ఏకపార్టీ ఆధిపత్యం గురించి రోజూ రాసే నాకు ఈ సూత్రం వెంటనే అర్థమైంది. ఆధిపత్యం సాగినంత కాలం అది బలంలాగే కనిపిస్తుంది. ఒక్క తెగులు వచ్చాక కాని అది బలహీనతని తెలియదు.

కనుక ఉపాధ్యాయుడికి నేను ఇచ్చిన జవాబు ఇది. తీగల కింద, బడి గోడ వెంట దేవకాంచనం వేయండి. దానితోపాటు వసంతంలో పూసే కాంచనం నాలుగు మొక్కలు కలపండి, రెండు రుతువుల్లో పూలుంటాయి. రహదారి అంచుకు కానుగ, నీరు నిలిచే చోట జరుల్, ఖాళీ మైదానం మూలలో ఒక ఇప్ప, ఒక చింత. అడవి అంచున ఎండిన కాయలను పిల్లలతో ఏరించండి. మొదటి వానలకు ముందే సంచుల్లో గింజలు వేసి, హరేలీ పండుగ నాటికి కాస్త ఎదిగిన మొక్కను నేలలో పెట్టండి. నాటే ముందు ఆ వీధిలోని స్త్రీలను పిలిచి అడగండి. చెట్టు నుంచి ఎప్పుడు, ఎంత ఆకు కోసుకోవాలో వారికే ఎక్కువ తెలుసు. తన వంటింటికి పనికొచ్చే చెట్టును ఎండిపోనిచ్చే ఇల్లాలు ఉండదు. కంచె కొనలేని పురపాలికకు అంతకు మించిన కంచె దొరకదు.

పాలకులకు చెప్పవలసింది కూడా పెద్దదేమీ కాదు. పట్టణంలో నాటే మొక్కల జాతుల జాబితాను, వాటి ధరతో, వచ్చిన నర్సరీ పేరుతో సహా వార్డులో బహిరంగంగా ప్రదర్శించండి. కొనుగోలుకు ముందు వార్డు సమావేశంలో ఆమోదం తీసుకోండి. దీనికి పార్లమెంటు అనుమతి అక్కర్లేదు. ఒక రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు చాలు. నాటిన సంఖ్య కాక, మూడో ఏట బతికి ఉన్న సంఖ్యను ప్రకటించండి. ఇక ఢిల్లీలో ఉన్నవారు చేయవలసింది, రెండు దశాబ్దాలకు పైగా మూలనపడిన ఆ బిల్లు స్థానంలో షెడ్యూల్డు ప్రాంతాల పట్టణాలకు ఒక చట్టం తేవడం. గ్రామంలో ఉన్నప్పుడు ఉన్న హక్కు, ఆ గ్రామం పట్టణమైతే ఎందుకు పోవాలో ఏ ప్రభుత్వమూ ఇంతవరకూ చెప్పలేదు.

నా మాటలు విని ఉపాధ్యాయుడు నవ్వారు. "సార్, కోలియారీ భాజీ చెట్టా? అది మా అమ్మమ్మ ఊళ్లో పెరట్లో ఉండేది. దాన్ని నర్సరీలో అడిగితే, అది అడవి చెట్టు, పట్టణానికి బాగుండదన్నారు" అన్నారు. ఆ ఒక్క వాక్యంలో బస్తర్ చరిత్ర చాలావరకు ఉంది. అడవిది కాబట్టి పట్టణానికి పనికిరాదన్న తీర్పు చెట్లకే పరిమితం కాలేదు. మనుషుల మీదా, భాషల మీదా, దేవుళ్ల మీదా అదే తీర్పు చెప్పాం. గీదం వీధిలో, కరెంటు తీగల కింద ఒక దేవకాంచనం పూస్తే ఆ తీర్పు మారిపోదు. కాని దాన్ని తిరగరాయడం ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. ఈ వానాకాలానికి ఆయన బడి గోడ వెంట పన్నెండు గుంతలు తవ్విస్తానన్నారు. గింజలు మాత్రం అమ్మమ్మ ఊరి నుంచే తెస్తారట.